అమెరికా అంగడిలో దొరకని సరకులు



మా వీధిలోని పిన్నిగారొకరు న్యూజెర్సీలోనున్న కుమార్తె యింటికి పోయి, ఆఱు మాసములుండి తిరిగివచ్చిరి. పలకరింపబోయిన మాతో ఆమె మొదట చెప్పిన మాట ఆకాశమునంటు మేడలను గుఱించి కాదు, మనుమరాలి ముద్దుమాటలను గుఱించియు కాదు. "నాయనా, ఆవకాయ వదిలారు, సున్నుండలు వదిలారు. గుప్పెడు కరివేపాకును మాత్రం నా కళ్ళెదుటే చెత్తబుట్టలో పడేశారు. అంత పెద్ద దేశానికి నా కరివేపాకు ఏం అపకారం చేస్తుందయ్యా?" అని ఆమె అడిగిరి.

మేము చిరునవ్వుతో సరిపుచ్చితిమి. సమాధానము తెలియకపోవుటయే అందులకు కారణము. తరువాత కొన్ని పుస్తకములు, ఆ దేశపు ప్రభుత్వ నిబంధనలు తిరుగవేయగా, ఆ ప్రశ్న మేమనుకొన్నంత చిన్నది కాదని తేలినది. ఈ ప్రసంగము పిన్నిగారికి ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానమనుకొనవచ్చును.

అమెరికా యనగానే సమస్తము దొరకు దేశమని మనలో ఒక భావము స్థిరపడియున్నది. ఒక్కొక్క అంగడి మన ఊరి సంతబయలంత యుండుననియు, ఉదయపు ఫలహారమునకు పాలలో వేసికొను పేలాలు, అటుకుల వంటి పదార్థములే వరుసలు వరుసలుగా పేర్చియుండుననియు పోయివచ్చినవారు చెప్పుదురు. అది నిజమే. అయినను మన కిరాణా కొట్టులో బేరమాడకయే ఇచ్చెడి వస్తువు, లండనులో బడిపిల్లల చేతులలో కనబడు వస్తువు, పారిస్ మందుల అంగడిలో సామాన్యముగా అమ్ముడగు వస్తువు, ఆ దేశములో చేతినిండ ధనముండియు కొనలేనివి కలవు. దొరకకపోవుటకు కారణము లేమి కాదు. ఒక్కొక్క వస్తువు వెనుక ఒక్కొక్క కథ యున్నది.

ముందుగా కరివేపాకు సంగతి. వృక్షశాస్త్రజ్ఞులు నిమ్మ, నారింజ, బత్తాయి, మారేడు, వెలగ, కరివేప, వీనినన్నిటిని ఒకే కుటుంబమున చేర్చిరి. ఈ చుట్టరికమే పిన్నిగారి కరివేపాకునకు ముప్పు తెచ్చినది. ఆసియా సిట్రస్ సిల్లిడ్ అను పురుగొకటి కలదు. ఇంచుమించు నువ్వుగింజంత యుండును. కరివేప లేతచిగుళ్ళన్న దానికి మిక్కిలి మక్కువ. అందే గ్రుడ్లు పెట్టును. ఆ పురుగు నారింజచెట్టుపై వ్రాలి రసము పీల్చునప్పుడు ఒక సూక్ష్మజీవిని చెట్టులోనికి ఎక్కించును. ఆ చెట్టు ఆకులు మచ్చలుపడి పసుపుబాఱును, కాయ వంకరపోవును, అడుగుభాగము పండక పచ్చిగనే యుండిపోవును, కొలది సంవత్సరములలో చెట్టు పనికిరాకపోవును. చీనావారు దీనిని హువాంగ్‌లాంగ్‌బింగ్ అని పిలిచిరి. ఆంగ్లమున గ్రీనింగ్ అని పేరు. సోకిన చెట్టును తిరిగి ఆరోగ్యవంతముగా చేయగల మందు లేదు. మన దేశపు బత్తాయి తోటలకును ఈ తెగులు క్రొత్త కాదు.

ఫ్లారిడా రాష్ట్రములో ఆ పురుగు 1998లో కనబడినది. తెగులు 2005లో బయటపడినది. 2003-04 పంటకాలమున ఆ రాష్ట్రపు తోటలలో 24 కోట్ల పెట్టెల నారింజలు దిగినవి. పెట్టె యనగా 90 పౌనులు, మన లెక్కలో ఇంచుమించు 41 కిలోలు. 2023-24లో దిగినవి రెండు కోట్ల పెట్టెలకు లోపే. తుపానులును, తోటలు నఱకి ఇండ్లస్థలములుగా అమ్ముకొనుటయు ఈ పతనమునకు తోడైనమాట నిజమే. కాని తొలికారణము, పెద్దకారణము ఈ తెగులే. తరతరములుగా నారింజను నమ్ముకొని బ్రతికిన కుటుంబములు తోటలు వదలుకొనినవి. పండ్లరసము తీయు కర్మాగారములు మూతపడినవి. ఆ దృష్టితో చూచినచో చెత్తబుట్టలో పడిన గుప్పెడు ఆకు వేఱొక రూపు దాల్చును. పిన్నిగారి కొమ్మలో పురుగు ఉండకపోవచ్చును. నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు ఉండదు. కాని విమానాశ్రయపు అధికారి దినమునకు వేలమంది సంచులను చూచును. అందరి కొమ్మలను చిగురు చిగురుగా విప్పి పరీక్షించుట ఎవరి తరము?

అట్లని అమెరికాలోని తెలుగువారు కరివేపాకు లేక పప్పుచారు కాచుకొనుచున్నారని తలపవలదు. ఆ దేశమునందే పెంచిన ఆకు భారతీయుల అంగళ్ళలో అమ్ముడగుచున్నది. చలిదేశపు రాష్ట్రములలో గృహిణులు కుండీలో మొక్కను పెంచి, మంచు కురియు నెలలలో పసిబిడ్డనువలె ఇంటిలోనికి తెచ్చి కిటికీప్రక్క పెట్టుకొందురు. అయితే కాలిఫోర్నియా, ఫ్లారిడా మొదలగు నారింజ ప్రాంతములనుండి ఆ కుండీని కారులో పెట్టుకొని పొరుగు రాష్ట్రమునకు పోవుటకు గూడ నిబంధనలు అడ్డువచ్చును. ఇల్లు మారునప్పుడు బిందెలు, గిన్నెలు తీసికొనిపోయి, కరివేపమొక్కను మాత్రము స్నేహితురాలికి అప్పగించి కంటతడిపెట్టుకొన్న ఇల్లాలిని మేమెఱుగుదుము.

కరివేపాకు తరువాత చెప్పవలసినది మామిడి. ఈ కథ మనకు మఱింత దగ్గఱిది.

1989 మొదలు 2007 వరకు, పదునెనిమిదేండ్లు, భారతదేశపు మామిడిపండు అమెరికాలో చట్టసమ్మతముగా అడుగుపెట్టలేదు. ప్రపంచములో అందఱికంటె ఎక్కువ మామిడిని పండించు దేశము మనది. ప్రపంచములో అందఱికంటె ఎక్కువ కొనుగోలుశక్తి గల అంగడి వారిది. నడుమ నిలిచినది మరల ఒక పురుగే. పండు ఈగ యొకటి, టెంకపురుగు మఱొకటి. పండు ఈగను చంపుటకు పండ్లను వేడినీటిలో ముంచు పద్ధతి యున్నది. మెక్సికో మామిడి ఆ విధముగనే అమెరికా చేరుచున్నది. టెంకపురుగు అట్టి వేడికి లొంగదు. అది పిందెనాడే లోన ప్రవేశించి, టెంక యను కోటలో కూర్చుండును. పైన పండు బంగారువలె మెఱయుచుండును. కోసిన తరువాత గాని లోని అతిథి కనబడడు. బంగినపల్లి కోయగా టెంకనుండి నల్లని పురుగు వెడలివచ్చుట ఎఱుగని తెలుగు ఇల్లు ఉండదు. మనము ఆ ముక్కను పాఱవైచి మఱొక పండు తీయుదుము. మామిడి తోటలుగల వారి దేశములో అట్లు సరిపెట్టుకొనుట కుదరదు.

ఈ చిక్కు విడిపోయిన తీరు ఆసక్తికరమైనది. 2006 మార్చిలో అధ్యక్షుడు జార్జి బుష్ మన దేశమునకు వచ్చినప్పుడు ఇరుప్రభుత్వముల సంభాషణలలో అణుశక్తి ఒడంబడికతోపాటు మామిడియు చోటుచేసికొన్నది. ఆ పర్యటనలోనే మార్చి 3వ తేదీన ఆయన హైదరాబాదుకు వచ్చి, ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయములో రైతులను కలసికొనెను. మఱుసటి సంవత్సరము నిబంధనలు సడలినవి. మన ప్రభుత్వము హార్లీ డేవిడ్సన్ అను భారీ మోటారుసైకిళ్ళ దిగుమతికి దారి యిచ్చినది. వారు మామిడికి తలుపు తీసిరి. మామిడిపండు ఇచ్చి మోటారుసైకిలు పుచ్చుకొన్నామని ఆనాడు పత్రికలు పరిహాసమాడినవి. మా అభిప్రాయములో బేరము మనకే లాభము. మోటారుసైకిలు నోరూరింపదు గదా.

తలుపు తెఱచిన తాళపుచెవి గామా కిరణములు. మహారాష్ట్రములోని లాసల్‌గాఁవ్, ఉల్లిపాయల సంతకు పేరుపడిన ఊరు. అచ్చట ఉల్లి మొలకెత్తకుండ కిరణములు ప్రసరింపజేయు కేంద్రము ముందే యున్నది. ఆ కేంద్రమునే మామిడికి ఉపయోగించిరి. పెట్టెలను కోబాల్టు ముందునుండి మెల్లగా నడిపింతురు. 400 గ్రే అను ప్రమాణమున కిరణములు సోకును. టెంకలోని పురుగు వెంటనే చావకున్నను సంతానమును కనలేదు. వంశము అంతటితో ఆగును. పండునకు రేడియోధార్మికత అంటదు. గదిలోని దీపము ఆర్పిన తరువాత గోడ వెలుగుచుండునా? ఇదియు అట్టిదే.

2007 ఏప్రిల్ చివర తొలి పెట్టెలు న్యూయార్కు చేరినవి. అందులోనివి ఆల్ఫాన్సో, కేసర్ రకములు. తరువాత మన బంగినపల్లియు అనుమతి పొందిన వరుసలో చేరినది. కాని కిరణముల ఖర్చు, తనిఖీకై వచ్చు అమెరికా అధికారి ప్రయాణపు ఖర్చు, విమానపు కూలి, ఇవన్నియు పండుమీదనే పడును. డజను మామిడిపండ్లు ముప్పది డాలర్లకు పైమాటయే యని అచ్చటివారు చెప్పుదురు. అంగడికి వచ్చెను గాని అందఱికి అందలేదు. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వలన అధికారులు ప్రయాణము చేయలేక, పండ్లు వెళ్ళలేదు. 2022లో మరల ఆరంభమైనవి. 2025 మేలో మఱొక దెబ్బ తగిలినది. ముంబయినుండి పోయిన పదునైదు విడతల సరకును, కిరణ ప్రసారమునకు సంబంధించిన పత్రములు సరిగా లేవని అమెరికా అధికారులు నిలిపివైచిరి. తిరిగి తీసికొనిపోవుడు, లేదా ఇచ్చటనే నాశనము చేయుడు, అని రెండే దారులు చూపిరి. పండిన మామిడిని మరల సముద్రము దాటించుట ఎట్లు? వ్యాపారులు నాశనమునకే ఒప్పుకొనవలసివచ్చినది. పండులో దోషము కనబడినందున కాదు, కాగితములో కనబడినందున అంత సరకు మట్టిపాలైనది. ఈ విషయములో పిన్నిగారి ఆక్రోశముతో మేము ఏకీభవింతుము.

పురుగుతో సంబంధము లేని అభావములును కలవు. వానిని త్వరత్వరగా చెప్పుదుము.

చిన్న ట్రక్కుల కథ కోడితో మొదలైనది. 1960 ప్రాంతమున అమెరికా కోడిమాంసము చవుకగా వచ్చిపడుచున్నదని పశ్చిమజర్మనీ, ఫ్రాన్సు మొదలగు దేశములు దానిపై పన్ను పెంచినవి. ప్రతీకారముగా అధ్యక్షుడు జాన్సన్ 1963 డిసెంబరులో బంగాళాదుంప పిండి, బ్రాందీ, చిన్న ట్రక్కులు మొదలగువానిపై నూటికి 25 వంతున సుంకము వేసెను. తక్కినవానిపై సుంకములు కాలక్రమమున తొలగినవి. ట్రక్కులపైది మాత్రము అఱువదేండ్లు దాటినను తొలగలేదు. ఆఫ్రికా ఎడారులలో, ఆస్ట్రేలియా పొలములలో, థాయ్‌లాండు వీథులలో నిత్యము కనబడు టొయోటా హైలక్స్ బండిని అమెరికా రైతు 1995 తరువాత కొత్తదిగా కొనలేదు. ఆ కంపెనీ అతని కొఱకు వేఱొక పేరుతో వేఱొక బండిని ఆ దేశపు అభిరుచికి తగినట్లు తయారుచేసినది గాని, హైలక్స్ మాత్రము అతనికి లేదు. కోళ్ళను గుఱించిన పగ ఎవరికిని జ్ఞప్తి లేదు, సుంకము నిలిచినది.

క్యూబా చుట్టల నిషేధము 1962 ఫిబ్రవరి నాటిది. ఆ ఆజ్ఞపై సంతకము చేయుటకు ముందు అధ్యక్షుడు కెనెడీ తన పత్రికా కార్యదర్శి పియేర్ సాలింజరును పిలిచి తనకు చుట్టలు సంపాదింపుమని చెప్పెననియు, మఱునాడు ఉదయము 1,200 చుట్టలు చేతికి వచ్చిన పిమ్మటనే సంతకము చేసెననియు సాలింజరే తరువాత వ్రాసియున్నాడు. పాలకులు మనుష్యులే.

విద్యుత్ కెటిల్ సంగతి మఱియు విచిత్రము. దానిని ఏ చట్టమును నిషేధింపలేదు. బ్రిటనులో ఇంటి విద్యుత్తు 230 వోల్టులు గనుక 3,000 వాట్ల కెటిల్ రెండు మూడు నిమిషములలో తేనీటికి నీరు మఱగించును. అమెరికా ఇంటి గోడలోనిది 120 వోల్టులు. సామాన్యపు ప్లగ్గునుండి ఇంచుమించు 1,500 వాట్లకు మించి లాగుట వీలుకాదు. కావున లండను కెటిల్ న్యూయార్కులో పనిచేయదు. న్యూయార్కు కెటిల్ సగము వేగమున నడచును. ఎన్నడో తీగలు సాగదీసిన ఇంజనీర్ల నిర్ణయము నేటి కాఫీ, తేనీటి అలవాట్లదాక ప్రాకినది.

ఇక మిఠాయి కథకు వత్తము. ఇందులో నవ్వు సగము, విషాదము సగము.

ఇటలీలోని ఫెరేరో కంపెనీవారు 1974లో కిండర్ సర్ప్రైజ్ అను చాకొలెట్ గ్రుడ్డును తయారుచేసిరి. గ్రుడ్డు పగులగొట్టినచో లోన పసుపుపచ్చని డొల్ల, డొల్లలో చిన్న ఆటబొమ్మ. ఐరోపాలో పిల్లలు దీనికై పడిచచ్చిరి. అమెరికాలో ఇది నిషిద్ధ వస్తువు. తినెడి మిఠాయి లోపల తినరాని వస్తువును పొదిగి అమ్మరాదని 1938 నాటి ఆహార, ఔషధ చట్టము చెప్పుచున్నది. పిల్లవాడు బొమ్మను మ్రింగునని భయము. కెనడానుండి తిరిగివచ్చువారి సంచులలో 2011 ఒక్క సంవత్సరముననే సరిహద్దు అధికారులు 60,000కు పైగా గ్రుడ్లను పట్టుకొనిరి. తుపాకులు అంగడిలో అమ్ముకొను దేశము చాకొలెట్ గ్రుడ్డును సరిహద్దులో పట్టుకొనుట ప్రపంచమునకు హాస్యవస్తువైనది. పిదప ఆ కంపెనీవారే చాకొలెట్ ఒక ప్రక్కను, బొమ్మ మఱొక ప్రక్కను వేఱుగా మూసిన కిండర్ జాయ్ అను గ్రుడ్డును 2018 నాటికి అమెరికా అంగళ్ళలోనికి తెచ్చిరి. అది మన వీధి చివరి కొట్టులో పిల్లలు ఏడ్చి కొనిపించుకొను గ్రుడ్డే. ఈ యొక్క విషయములో మన పిల్లలు అమెరికా పిల్లలకంటె దాదాపు పదేండ్లు ముందున్నారు.

ఆ 1938 చట్టము ఎందులకు పుట్టినదో తెలిసికొన్నచో నవ్వు ఆగిపోవును. 1937 శరత్కాలమున ఆ దేశపు కంపెనీ యొకటి సల్ఫానిలమైడ్ అను మందును పిల్లలు త్రాగుటకు అనువుగా తియ్యని ద్రవములో కరగించి అమ్మినది. ఆ ద్రవము డైఎథిలీన్ గ్లైకాల్. అది విషము, మూత్రపిండములను పాడుచేయును. అమ్ముటకు ముందు విషమా కాదా యని పరీక్షింపవలెనను నిబంధన ఆనాడు లేదు. నూఱుమందికి పైగా చనిపోయిరి. వారిలో పసిపిల్లలు అనేకులు. ఆ కన్నీటినుండి 1938 చట్టము వెడలినది. ఆ విషము చరిత్రలోనే ఉండిపోలేదు. 2022లో పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో, 2025లో మన మధ్యప్రదేశములోని ఛింద్వాడా ప్రాంతమున, దగ్గుమందు త్రాగి పిల్లలు మరణించిన వార్తలు శ్రోతలు వినియుందురు. ఆ మందులలో తేలినది ఇదే గ్లైకాల్. ఛింద్వాడాలో ఇరువదిమందికి పైగా పసివారు పోయిరి.

1937లో ఆ విషమును పరిశోధించిన చికాగో విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో ఫ్రాన్సెస్ ఓల్డ్‌హామ్ అను కెనడా యువతి పనిచేయుచుండెను. ఆమె పేరు చూచి పురుషుడని పొరపడి, "మిస్టర్" అని సంబోధించుచు ఆచార్యుడు ఉద్యోగపు ఉత్తరము వ్రాసెనట. ఆ పొరపాటు జరుగకపోయినచో తనకు ఆ స్థానము దొరకియుండునో లేదో యని ఆమె వృద్ధాప్యమునందు గూడ తలచుకొనెడిది. వివాహానంతరము ఆమె ఫ్రాన్సెస్ కెల్సీ అయ్యెను. 1960 ఆగస్టులో వాషింగ్టనులోని ఆహార, ఔషధ శాఖలో ఉద్యోగమున చేరెను. చేరిన నెల దినములకే ఆమె బల్లమీదికి ఒక దరఖాస్తు వచ్చినది. తేలికయైన పని, క్రొత్త ఉద్యోగి కదా యని ఇచ్చిరి. మందు పేరు థాలిడోమైడ్.

పశ్చిమజర్మనీలో 1957నుండి ఆ మందు అమ్ముడుపోవుచుండెను. నిద్రకు మంచిది, గర్భిణుల వేవిళ్ళకు మంచిది, ఎంత మ్రింగినను ప్రాణభయము లేదు అని ప్రచారము. అనేక దేశములలో ఇంటింట ప్రవేశించినది. అమెరికాలో మాత్రము దొరకదు. ఈ మందును తమ దేశపు స్త్రీలకు ఎందుకు అందనీయరని దరఖాస్తు పెట్టిన కంపెనీవారి ఒత్తిడి. అప్పటి చట్టము ప్రకారము ప్రభుత్వము 60 దినములలో అభ్యంతరము చెప్పనిచో మందునకు అనుమతి దానంతట అదియే లభించును. కెల్సీ గడువు తీరవచ్చునప్పుడెల్ల, మీరిచ్చిన ఆధారములు చాలవు, ఇంకను కావలెను, అని ఉత్తరము వ్రాసెడిది. గడువు మరల మొదటినుండి ఆరంభమగును. కంపెనీ ప్రతినిధులు ఆమెను, ఆమె పైయధికారులను ఏబది సారులవఱకు కలసికొనిరి, టెలిఫోనులు చేసిరి. మొండి మనిషి యనిరి. 1960 డిసెంబరు చివర బ్రిటిషు వైద్యపత్రికలో ఒక చిన్న ఉత్తరము వచ్చినది: ఈ మందు చాలకాలము వాడినవారి చేతులలో, కాళ్ళలో నరములు తిమ్మిరెక్కుచున్నవని. కెల్సీ దానిని చదివెను. పెద్దవారి నరములకే హాని చేయునది గర్భములోని శిశువునకు ఏమి చేయునో నిరూపింపుడు అని అడిగెను. సమాధానము రాలేదు.

సమాధానము జర్మనీలోని ప్రసూతి గదులనుండి వచ్చినది. చేతులు లేని, కాళ్ళు లేని శిశువులు పుట్టుచుండిరి. 1961 నవంబరు చివర ఆ మందును అచ్చటి అంగడినుండి తొలగించిరి. అప్పటికి ప్రపంచమున పదివేలమందికి పైగా శిశువులు వైకల్యముతో జన్మించిరని అంచనా. వారిలో అనేకులు శైశవముననే కన్నుమూసిరి. అమెరికాలో పరీక్షార్థమను పేర కంపెనీవారు వైద్యులకు పంచిపెట్టిన మాత్రల వలన, విదేశములలో కొన్నవాని వలన, పుట్టినవారు పదునేడుగురని లెక్క. పదునేడు చిన్న సంఖ్య కాదు. ఆ పదునేడు ఇండ్లను తలచుకొనుడు. కాని పదివేల ప్రక్క పెట్టి చూచినప్పుడు, ఆ ఉద్యోగిని వ్రాసిన పొడి ఉత్తరముల విలువ తెలియును. 1962 ఆగస్టులో అధ్యక్షుడు కెనెడీ ఆమెను సత్కరించెను. అక్టోబరులో చట్టము మాఱినది. గడువు తీరినంతమాత్రమున అనుమతి దొరకుట పోయినది. క్రొత్త మందు హాని చేయదనియే గాక, గుణమిచ్చుననియు నిరూపింపవలసివచ్చినది. కెల్సీ నూట ఒకటవ ఏట, 2015లో, పరమపదించెను.

ఇంతవఱకు వినిన శ్రోతలకు, నిషేధమెల్ల మంచికే యను భావము కలుగవచ్చును. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. కాని అదే చట్టమునకు రెండవ ముఖము కలదు. ఎండనుండి తెల్లని చర్మమును కాపాడుకొనుటకు ఐరోపావారును, అమెరికావారును ఒంటికి లేపనము పూసికొందురు. మనకు గొడుగును, తలపాగయు చాలును. వారి దేహమునకు చాలదు. అమెరికాలో అందఱికంటె ఎక్కువమందికి వచ్చు క్యాన్సరు చర్మపు క్యాన్సరే. ఎండలోని అతినీలలోహిత కిరణములు రెండు తెగలు: చర్మమును పైపైన కమిలించునవి, లోతునకు దిగి కాలక్రమమున చెఱచునవి. ఈ రెండవ తెగను బాగుగా అడ్డగించు బెమోట్రిజినాల్ అను పదార్థమును ఐరోపావారు 2000 ప్రాంతమునుండి వాడుచున్నారు. ఆస్ట్రేలియాలోను, ఆసియాలోని పెక్కుదేశములలోను గూడ దొరకును. ఐరోపాలో ఎండలేపనము సౌందర్యసామగ్రి. అమెరికాలో అది ఔషధము. ఔషధమనగానే 1938, 1962 సంవత్సరముల కఠిన పరీక్షలు దానిని చుట్టుకొనును. ఒళ్ళంతయు పూసినచో నెత్తురులోనికి ఎంత ఇంకునో చూపవలెను. జంతువులపై దీర్ఘకాల పరీక్షలు చేయవలెను. పది రూపాయల లేపనమునకు కోట్ల డాలర్ల పరీక్ష చేయించుటకు ఏ కంపెనీ ముందుకు వచ్చును? ఈ చిక్కు తీర్చుటకై 2014లో ప్రత్యేకముగ ఒక చట్టము చేసిరి. తరువాత పదేండ్లు గడచినను క్రొత్త పదార్థమొక్కటియైనను జాబితాకెక్కలేదు. పారిస్ పోయిన అమెరికా యాత్రికులు అత్తరు సీసాలతోపాటు ఎండలేపనపు గొట్టములును పెట్టెలలో సర్దుకొని తెచ్చుకొనుచుండిరి.

థాలిడోమైడ్‌ను ఆపిన చేయియే ఈ లేపనమును గూడ ఆపినది. ఆపుట వలన ప్రాణములు నిలిచిన శిశువులను లెక్కింపవచ్చును. ఆపుట వలన ఎండకు కమిలి క్యాన్సరు తెచ్చుకొన్నవారిని లెక్కించుట ఎట్లు? వారిలో ఎవరి వ్యాధి ఏ లేపనము లేక వచ్చినదో ఎవరు చెప్పగలరు? మా మట్టుకు, కెల్సీవంటి మొండి మనుష్యులు కార్యాలయములలో ఉండవలెననియే కోరుదుము. అయితే ఇతర దేశములలో ఇరువదేండ్లు కోట్లమంది వాడి చూచిన పదార్థమును, నిన్న పుట్టిన పదార్థమును ఒకే తాసులో తూచుట ఉచితముగా తోచదు.

ఈ సంగతులన్నియు పిన్నిగారికి చెప్పితిమి. కెల్సీ కథకు ఆమె కన్నులు తుడుచుకొనిరి. నారింజతోటల కథ విని, "అయితే వాళ్ళు చేసింది సరే. మామిడిపండ్లను కాగితాల కోసం పారేయడం మాత్రం పాపం," అనిరి. వచ్చే వైశాఖములో ఆమె మరల పోవుచున్నారు. ఏమేమి తీసికొనిపోవచ్చునని అడిగిరి.

అట్టి ప్రయాణము తలపెట్టిన శ్రోతలకును ఈ మాట ఉపయోగపడును. సంచిలోనున్న ఆహారపదార్థములన్నిటిని అచ్చట అడుగు పత్రములో, అడిగిన అధికారికి, ఉన్నదున్నట్లు చెప్పుడు. చెప్పినప్పుడు నిషిద్ధమైన వస్తువుంటే దానిని తీసికొని మిమ్ములను పంపివేయుదురు. చెప్పక దాచినప్పుడే జరిమానా. పచ్చళ్ళకు, పొడులకు, మిఠాయిలకు సామాన్యముగా ఆటంకముండదు. పచ్చి ఆకులు, పండ్లు, విత్తులు, మొక్కలు ఇంటనే వదలుడు. కరివేపాకు మాత్రము పిన్నిగారు ఈసారి మోసికొనిపోనక్కఱలేదు. కుమార్తె అచ్చటి నర్సరీలో జానెడు మొక్కను కొని వంటింటి కిటికీలో పెట్టినదనియు, చలికాలములో ఆకులన్నియు రాల్చి ఇప్పుడు రెండు చిగుళ్ళు వేసినదనియు ఉత్తరము వచ్చినది.